స్పానర్ పట్టే ముందు

44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఊరు ఆర్మూర్. నాగపూర్ నుంచి హైదరాబాద్ పోయే కార్లు, నిజామాబాద్ నుంచి జగిత్యాల పోయే కార్లు, చుట్టుపక్కల ఊళ్ల బైకులు, పసుపు చేలల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు ఏదో ఒక రోజు ఇక్కడి షెడ్లకు చేరతాయి. ఆ షెడ్లలో పని నేర్చుకుంటున్న పిల్లల కోసం, సొంత బండి మీద బతుకు నడుపుకునేవాళ్ల కోసం ఈ అధ్యాయం. ఇందులో అలవాటు చేసుకోవలసింది ఒక్కటే. బండిలో ఏ భాగాన్నయినా అనుమానించే ముందు అందులో పోసిన పెట్రోలును చూడాలి. ఐదు నిమిషాల ఆ పని చేయక, బాగున్న సామానును వేల రూపాయలు పోసి మార్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

మీ షెడ్డుకు టర్బో పెట్రోలు కారొకటి వచ్చిందనుకుందాం. కొని మూడేళ్లయింది. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు వణుకుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు గుంజుడు లేదని ఓనరు అంటున్నాడు. "అన్నా, ఇంకోకాడ చూపిస్తే ఇంజెక్టర్లు పోయినయన్నరు. అన్నీ మార్చెయ్, నాకు హైదరాబాద్ పోయేదుంది" అని తొందరపెడుతున్నాడు. మీ చెయ్యి స్పానర్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ముందు అడగవలసిన మాటలు వేరే ఉన్నాయి. "తమ్మీ, పెట్రోల్ ఎక్కడ పోయించినవ్? ఎన్నడు పోయించినవ్? అంతకుముందు బండి మంచిగనే ఉండెనా?"

ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే సగం జబ్బు తెలిసిపోతుంది. ట్యాంకు నింపిన మర్నాటి నుంచే తేడా వచ్చిందంటే చూడవలసిన దారి ఒకటి. ఆరు నెలలుగా మెల్లమెల్లగా ముదిరిందంటే దారి మరొకటి.

మార్కెట్లో పసుపు కొనే సేటును గమనించండి. రాశి పైకి ఎంత మెరిసినా ధర చెప్పడు. ఒక కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూస్తాడు, తడి ఉందా ఆరిందా చూస్తాడు. నోరు విప్పడం ఆ తర్వాతే. పెట్రోలు విషయంలో మనకు కావలసింది ఆ విరిచి చూసే బుద్ధి.

లీన్ అంటే ఏమిటి, దానికి ఇంధనంతో ఏం పని

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్కకు సరిపోయిన మిశ్రమాన్ని లాంబ్డా ఒకటి అంటారు. గాలి అంతకంటే ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. లీన్‌గా నడిపితే మైలేజీ పెరుగుతుందన్న మాటలో నిజం ఉంది. మామూలు పెట్రోలు ఇంజను తక్కువ లోడు మీద పోయేటప్పుడు థ్రాటిల్ చాలావరకు మూసుకునే ఉంటుంది. ఆ ఇరుకు సందులోంచి గాలి పీల్చుకోవడానికే కొంత శక్తి ఖర్చయిపోతుంది. గాలిని ధారాళంగా వదిలి పెట్రోలును మాత్రం తగ్గిస్తే ఆ ఖర్చు తప్పుతుంది. మంట వేడి తగ్గుతుంది కాబట్టి సిలిండరు గోడల్లోకి వృథాగా పోయే వేడి కూడా తగ్గుతుంది.

చిక్కేమిటంటే, మరీ పలచబడిన మిశ్రమానికి ప్లగ్గు నిప్పు అంటుకోదు. 1996లో జపాన్‌లో మిత్సుబిషి గాలంట్ కారుతో దీనికొక దారి దొరికింది. పెట్రోలును ఇన్‌టేక్ పైపులో కాకుండా నేరుగా సిలిండరులోకి కొట్టి, ప్లగ్గు చుట్టూ మాత్రం మండగలిగినంత చిక్కటి మిశ్రమం ఉండేలా చూశారు. మిగతా సిలిండరంతా గాలే. మొత్తం మీద లెక్క కడితే ఒక పాలు పెట్రోలుకు 40 పాళ్ల దాకా గాలి. ఎలక్ట్రానిక్ డైరెక్ట్ ఇంజెక్షన్ పెద్ద ఎత్తున మార్కెట్లోకి వచ్చింది అప్పుడే. తర్వాత టయోటా, ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కూడా ఈ దారి పట్టాయి.

అంత మంచి ఆలోచన ఎందుకు ఊరూరా పాకలేదు? ఇంధనం అడ్డుపడింది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే మామూలు త్రీ-వే కేటలిస్టు నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టలేదు. అందుకని లీన్ ఇంజన్లకు బేరియం పూత ఉన్న ట్రాప్ ఒకటి అదనంగా పెట్టారు. అది నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రేటుగా పట్టి ఉంచుకుంటుంది. మధ్యమధ్య ఇంజను కొన్ని క్షణాలు రిచ్‌గా నడిచి ఆ ట్రాప్‌ను ఖాళీ చేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పెట్రోలులో గంధకం ఉంటే అది కూడా అదే బేరియాన్ని పట్టుకుంటుంది, సల్ఫేటుగా. సల్ఫేటు నైట్రేటు కంటే మొండిది, ఒక పట్టాన వదలదు. దాన్ని పోగొట్టాలంటే ట్రాప్‌ను 600 డిగ్రీలు దాటేదాకా వేడెక్కించి రిచ్‌గా నడపాలి. లీన్‌లో మిగిల్చిన పెట్రోలు కొంత ఆ వేడికే ఖర్చయిపోతుంది. 2007 ప్రాంతంలో బీఎండబ్ల్యూ తన లీన్ బర్న్ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లను యూరప్‌లో అమ్మింది, అమెరికాకు పంపలేదు. అప్పటికి అక్కడి పెట్రోలులో గంధకం ఎక్కువ. ఇంజను ఎంత గొప్పదైనా, దానికి దొరికే ఇంధనం స్థాయిలోనే పనిచేస్తుందనడానికి ఇంతకంటే పెద్ద రుజువు నాకు కనిపించలేదు.

మన దేశంలో బీఎస్-3 పెట్రోలులో గంధకం 150 పీపీఎం వరకు ఉండొచ్చు. బీఎస్-4లో అది 50కి తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 పెట్రోలులో పరిమితి 10. అంటే గంధకం వరకు చూస్తే ఆర్మూర్ బంకులో దొరికే పెట్రోలు యూరప్ పెట్రోలుతో సమానం. అయినా ఇక్కడ లీన్ బర్న్ కార్లు రాలేదు. కంపెనీలు చిన్న ఇంజనుకు టర్బో బిగించి, లాంబ్డా ఒకటి దగ్గరే నడిపే దారి ఎంచుకున్నాయి. అందులో ఖర్చు తక్కువ, మామూలు కేటలిస్టు సరిపోతుంది. 2017లో వచ్చిన బలెనో ఆర్ఎస్, 2019లో వచ్చిన వెన్యూ టర్బో, ఆ తర్వాతి టీఎస్ఐలు, ఎంస్టాలియన్లు అన్నీ ఈ కోవలోవే. కాబట్టి మీ షెడ్లో స్కానర్ మీద "లీన్" అన్న మాట కనిపిస్తే అది కంపెనీ ఉద్దేశించింది కాదు. ఎక్కడో ఏదో తేడా చేసింది. ఆ తేడా పెట్రోలుదా, ఇంజనుదా తేల్చడం మీ పని.

ఈ20 వచ్చాక మారిన లెక్క

ఇప్పుడు బంకులో మనకు దొరుకుతున్నది నూటికి 20 పాళ్ల దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2022లో దేశం 10 శాతం, అంటే ఈ10, చేరింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 అమ్మకం మొదలైంది. 2025కల్లా అదే మామూలు పెట్రోలు అయిపోయింది. ఆ ఇథనాల్ చెరకు నుంచి, నూకల నుంచి, మక్కల నుంచి వస్తుంది. ఈమధ్య మక్కల వాటా బాగా పెరిగింది. మన రైతులు పసుపులో అంతర పంటగా వేసే మక్కలూ ఆ లెక్కలోకి వచ్చే పంటే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరున్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇథనాల్‌కు గిరాకీ పెరిగిన ఈ రోజుల్లో అది నడుస్తూ ఉంటే జిల్లా చెరకు రైతుకు ఎంత అండగా ఉండేదోనన్న బాధ నాకుంది. మరోవైపు గోదావరి అవతల దిలావర్‌పూర్ రైతులు 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రోడ్డు మీద బైఠాయించారు. ఫ్యాక్టరీతో తమ నీళ్లకు ముప్పన్న వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అది వేరే చర్చ. మనం ఇంజను దగ్గరికి వద్దాం.

ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది. కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. అందుకని ఈ20కి కావలసిన గాలి 13.5 కిలోల దగ్గర ఆగుతుంది. ఈ10తో కుదిరిన ఇంజనులో ఏమీ మార్చకుండా ఈ20 పోస్తే మిశ్రమం సుమారు 4 శాతం లీన్ అవుతుంది. ఇథనాల్ అసలు లేని పెట్రోలు కోసం చేసిన ఇంజనులో అయితే 8 శాతం దాకా. ఫ్యుయెల్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సరు ఉన్న బండి ఈ తేడాను తానే పసిగట్టి ఇంజెక్టరును ఇంకాస్త ఎక్కువసేపు తెరుస్తుంది. కార్బురేటర్ బండికి ఆ తెలివి లేదు. దానికి మనమే చూసుకోవాలి.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం ఖాయం. 2021లో నీతి ఆయోగ్ వేసిన అంచనా ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై ఈ10కి సర్దిన కార్లలో తగ్గుదల 6-7 శాతం. అలాంటి బైకుల్లో 3-4 శాతం. ఈ10 కోసం తయారై ఈ20కి సర్దిన కార్లలో 1-2 శాతం. ఈ అంకెలను గోడ మీద రాసి పెట్టుకోండి, గిరాకీలతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి. లీటరుకు 20 ఇచ్చే పాత కారు 18.6కి వచ్చిందంటే ఇథనాల్ లెక్కకు సరిపోతుంది. అదే కారు 14కి పడిపోయిందంటే నింద ఇథనాల్ మీద వేసి పంపేయకండి. టైరులో గాలి, జామైన బ్రేకు, చెడిన సెన్సరు, ఏదో ఒకటి లోపల దాక్కుని ఉంది.

స్కానర్ ఏం చెబుతుంది

మన టర్బో కారు దగ్గరికి తిరిగి వస్తే, దానికి పెట్టవలసిన మొదటి పనిముట్టు స్కానర్. ఇప్పుడు మంచివి చవగ్గానే దొరుకుతున్నాయి. చాలామంది కోడ్ చదివి ఆపేస్తారు. పి0171 వచ్చింది, సిస్టమ్ లీన్ అన్నది, ఇంజెక్టర్లు మార్చేశాం, అంతే. ఆ కోడ్ ఏ భాగం పాడైందో చెప్పదు. పెట్రోలు చాలడం లేదనో, లెక్కకు రాని గాలి ఎక్కువైందనో మాత్రమే చెబుతుంది. మిగతాది లైవ్ డేటాలో ఉంటుంది. అందులో ఫ్యుయెల్ ట్రిమ్ అని రెండు వరుసలు కనిపిస్తాయి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్. కంప్యూటరు తన మామూలు లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోలు కొడుతున్నదో, ఎంత తక్కువ కొడుతున్నదో ఆ అంకెలు చూపిస్తాయి.

ఈ10 మీద నడిచిన కారుకు ఈ20 పోస్తే లాంగ్ టర్మ్ ట్రిమ్ 3, 4 శాతం పైకి పోవడం సహజం. దానికి కంగారు పడనక్కరలేదు. 15, 20 దాటిందంటే మాత్రం వెతకాలి. ఎక్కడ వెతకాలో కూడా ట్రిమ్మే చెబుతుంది. ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో చూడండి, తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూడండి. ఐడిల్‌లో బాగా ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే మామూలుకు వచ్చిందంటే ఎక్కడో హోస్ పగిలి దొంగగాలి పోతోంది. ఐడిల్‌లో బాగుండి, లోడు పడేకొద్దీ పెరుగుతూ పోతే పెట్రోలు సరఫరా చాలడం లేదు, పంపునూ ఫిల్టరునూ చూడాలి. రెండుచోట్లా ఒకే తీరుగా ఎక్కువగా ఉంటే గాలి కొలిచే సెన్సరును, ట్యాంకులోని పెట్రోలును కలిపి అనుమానించాలి. ఈ మూడు తేడాలు పట్టుకోగలిగిన కుర్రాడు నెల తిరగకుండానే షెడ్డులో అందరూ పిలిచే మనిషవుతాడు.

డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో ఇంకో అంకె కూడా చూడాలి, రెయిల్ ప్రెషర్. పాత పద్ధతి ఇంజెక్షన్‌లో ఒత్తిడి 3, 4 బార్లు ఉంటుంది. ఇక్కడ లోడు మీద 200, కొన్నింటిలో 350 బార్లు. కంప్యూటరు అడిగిన ఒత్తిడి, వాస్తవంగా ఉన్న ఒత్తిడి పక్కపక్కనే చూపిస్తుంది. అడిగింది అందడం లేదంటే ట్యాంకులోని చిన్న పంపు నుంచి మొదలుపెట్టి ముందుకు రండి. ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా గానీ, ఆపిన వెంటనే గానీ ఈ పైపులను విప్పకండి. అంత ఒత్తిడితో చిమ్మిన పెట్రోలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. వేడి ఇంజను మీద పడితే భగ్గుమంటుంది. ఒత్తిడి దింపాకే పైపు మీద చెయ్యి వేయాలి. విప్పిన హై ప్రెషర్ పైపును మళ్లీ వాడొద్దని కంపెనీ మాన్యువల్ చెబితే కొత్తదే వేయాలి.

పెట్రోలును విరిచి చూడటం

ట్యాంకు నింపిన వెంటనే తేడా వచ్చిన బండికి శాంపిల్ తీయాలి. ఆరుబయట, బీడీ సిగరెట్టు దరిదాపుల్లో లేని చోట, గాజు సీసాలో కొద్దిగా తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనబడితే విషయం తేలిపోయినట్టే. ఇథనాల్ తడిని పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలిపేసుకుంటుంది, అందువల్ల పైకి ఏమీ కనిపించదు. హద్దు దాటిందా, ఇథనాల్ నీటితో జతకట్టి పెట్రోలును వదిలేసి అడుగుకు దిగుతుంది. పంపు పీల్చేది అడుగునుంచే. కాబట్టి ఇంజనుకు ముందు అందేది ఆ నీళ్ల సారాయి. స్టార్ట్ కాకపోవడం, వణకడం, మిస్‌ఫైర్ కోడ్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి. అప్పుడు చేయవలసింది ట్యాంకు ఖాళీ చేసి శుభ్రం చేయడం, ఫిల్టరు మార్చడం. ఇంజెక్టర్ల జోలికి పోవడం ఆ తర్వాత, అవసరమైతేనే.

ఇథనాల్ ఎంత ఉందో చూడాలంటే గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు జాడీ ఒకటి కొనుక్కోండి. 80 గీత దాకా పెట్రోలు, 100 దాకా నీళ్లు పోసి, మూత పెట్టి ఊపి, నిలకడగా ఉంచండి. పెట్రోలులోని ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. మనం పోసింది 20 మిల్లీలీటర్ల నీళ్లయినా అడుగు పొర పెరిగి కనిపిస్తుంది. 35 దగ్గర ఆగితే అది ఈ20. 28 దగ్గరైతే ఈ10. అంతకంటే బాగా ఎక్కువైతే అనుమానించవలసిందే. ఇది ముతక లెక్క, కోర్టుకు పనికిరాదు. మీరు ఏ దారిన పోవాలో చెప్పడానికి మాత్రం చాలు.

బంకులో మీకున్న హక్కులు కూడా వాడుకోండి. ఫిల్టర్ పేపరు అడగండి. నాజిల్ కొసను తుడిచి దాని మీద ఒక్క చుక్క వేస్తే, మంచి పెట్రోలు రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక వదలదు. రంగు వల్ల లేత గులాబీ ఛాయ మిగిలితే భయం లేదు, నల్లటి జిడ్డు మరక మిగిలితే భయం ఉంది. సాంద్రత చూపించమంటే జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు తెచ్చి చూపించాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. బంకు బోర్డు మీద రాసే సాంద్రత అంకె 15 డిగ్రీల లెక్కలో ఉంటుంది. 35 డిగ్రీల ఎండలో చదివితే అది 17, 18 తక్కువ కనిపిస్తుంది. పట్టిక ప్రకారం 15 డిగ్రీలకు మార్చి, చలానా అంకెతో పోల్చాలి. తేడా 3కు మించకూడదు. కొలత మీద అనుమానముంటే 5 లీటర్ల ప్రభుత్వ ముద్ర ఉన్న కొలపాత్ర అడగండి. 25 మిల్లీలీటర్ల వరకే తేడాను ఒప్పుకుంటారు. కొలతలో మోసం ఉంటే తూనికలు కొలతల శాఖకు, కల్తీ ఉంటే పౌరసరఫరాల శాఖకు, ఆయిల్ కంపెనీకి ఫిర్యాదు చేయొచ్చు. రసీదు లేకపోతే ఏదీ నిలబడదు. ఒక మాట గుర్తుంచుకోండి. అక్కడి కుర్రాడు మీలాంటి కష్టజీవే. అడిగే తీరు మర్యాదగా ఉంటే అతనే ముందుకొచ్చి చూపిస్తాడు.

పాత బండ్లు, పొలం మిషన్లు

పాత కార్బురేటర్ బైకు ఈ20 మీద సన్నగా దగ్గడం, చల్లటి పొద్దున మొండికేయడం, సైలెన్సర్లో టపటపమనడం లీన్ గుర్తులు. ప్లగ్గు విప్పి చూడండి. కొస సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే లీన్. లేత గోధుమ రంగుంటే బాగుంది. మసి పట్టి నల్లగా ఉంటే రిచ్. లీన్ అయితే ముందు మిక్చర్ స్క్రూతో సర్దండి. అవసరమైతే ఒక సైజు పెద్ద జెట్ వేయండి. ఉన్న జెట్‌ను తీగతో గెలికి రంధ్రం పెద్దది చేసే పని మాత్రం మానేయండి, అది మళ్లీ ఎన్నటికీ లెక్కకు రాదు. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి చీలతాయి. వాటిని ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చమని గిరాకీకి ముందే చెప్పండి. చీలిన పైపులోంచి కారేది పెట్రోలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది పవర్ స్ప్రేయరు, మన రైతు దాని గురించి ఎవరినీ అడగడు. పసుపులో ఆకుమచ్చకు మందు కొట్టే కాలం దాటాక ఆ మిషను ట్యాంకులో పెట్రోలుతోనే కొట్టంలో పడి ఉంటుంది. మళ్లీ వానాకాలానికి తీస్తారు. టూ-స్ట్రోక్ ఇంజనులో ఆయిలు పెట్రోలులోనే కలిసి ఉంటుంది కదా. తడి చేరి ఇథనాల్ అడుగుకు దిగినప్పుడు ఆయిలు పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజనుకు అందే అడుగు పొరలో ఆయిలు ఉండదు. తాడు లాగిన కాసేపటికే పిస్టన్ పట్టేస్తుంది. రిపేరుకు తెచ్చిన రైతు "మందు కొడుతుంటెనే ఆగిపోయింది" అంటాడు. తప్పు జరిగింది నెలల కిందట, మిషను మూలకు పెట్టిన రోజున. సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో ఉన్నది కూడా అయిపోయేదాకా నడిపి ఆపమని చెప్పండి. ఈ ఒక్క మాటకు డబ్బులు తీసుకోకండి. ఆ రైతు జీవితాంతం మీ షెడ్డుకే వస్తాడు.

డైరెక్ట్ ఇంజెక్షన్ కారు ఓనరుకు చెప్పవలసినవి

పాత పద్ధతిలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు మీద పడి దాన్ని కడిగేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు వాల్వును తాకదు. ఆయిలు ఆవిరి అక్కడ చేరి, మాడి, బొగ్గులా గట్టిపడుతుంది. కాబట్టి ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు ఇంజెక్టరు కొసకు కొంత మేలు చేయొచ్చుగానీ వాల్వును శుభ్రం చేయలేవు. దుకాణంవాడు ఏం చెప్పినా సరే. మన కారు ఆరు నెలలుగా మెల్లగా ముదిరిందని ఓనరు చెప్పి ఉంటే, పెట్రోలు శాంపిల్ బాగుంటే, అప్పుడు చూడవలసింది ఈ వాల్వుల మీది మసిని. ఇన్‌టేక్ విప్పి దాన్ని చేత్తోనే తీయాలి.

పై గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఘాట్ ఎక్కించడం ఈ టర్బో ఇంజన్లకు ప్రమాదం. ప్లగ్గు నిప్పు పడకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగిలే అవకాశం ఉంది. ఒక గేరు దించమనండి. మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిలులో ఏపీఐ ఎస్‌పీ రకం వాడమనండి, దాన్ని ఈ జబ్బును దృష్టిలో పెట్టుకునే తయారు చేశారు. ఖరీదైన 95, 100 ఆక్టేన్ పెట్రోలు గురించి అడిగితే నా తీర్పు ఇది: మాన్యువల్ అడిగితే పోయించండి, అడగకపోతే ఆ డబ్బుతో సమయానికి ఆయిలు మార్చండి. ప్రభుత్వ లెక్క ప్రకారం ఈ20 కలిశాక మామూలు పెట్రోలు ఆక్టేన్ ఇప్పటికే 95 దగ్గరికి చేరింది.

షెడ్డులో ఒక నోటుపుస్తకం పెట్టండి. బండి నంబరు, పెట్రోలు పోయించిన తేదీ, బంకు, ట్రిమ్ అంకెలు, సీసాలో కనిపించింది, చివరికి దొరికిన కారణం, ఇంతే రాయండి. ఒకే వారంలో ఒకే బంకు పేరు మూడు బండ్లకు పడితే మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఓనరు ఎదుటే సీసా పెట్టి చూపించండి, అంకెలు చదివి వినిపించండి. పని పడని రోజు "నీ బండికి ఏం కాలేదు, ట్యాంకు కడిగితే సరిపోయింది" అని చెప్పడానికి జంకకండి. రేపు పొద్దున షెడ్డు తీయగానే మొదట వచ్చే బండి ఓనరును ఆ మూడు ప్రశ్నలు అడగండి, జవాబులు పుస్తకంలో మొదటి పేజీ మీద రాయండి.